నీరు పల్లమెరుగు

మా వీధికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మీ వీధికీ ఉండే ఉంటుంది. తెల్లారి అయిదింటికి గులాబీ పువ్వు మీద శుభోదయం, ఆరింటికి ఏడుకొండలవాడి ఫొటో, ఏడింటికి మోకాళ్ళ నొప్పులకి చిట్కా. సీజన్లో అయితే వీటికి తోడు నున్న మార్కెట్లో బంగినపల్లి టన్ను ఎంత పలికిందో కబురు. ఈ హడావుడి మధ్యన నెలకోసారి మా వార్డు మెంబరు పెట్టే మెసేజి ఒకటి వస్తుంది. పొడుగ్గా ఉంటుంది, బొమ్మలుండవు. నేను దాని కింద ఒక బొటనవేలు గుర్తు పెట్టేసి, పైకి తోసి, మామిడి రేటు చూసుకునేవాణ్ణి.

ఈ వారం ఆ మెసేజి గురించే రాస్తున్నాను. దాన్ని చదవకపోవడం వల్ల ఏమైందో చెప్పాలంటే నా బండారం కొంత నేనే బయటపెట్టుకోవాలి. ఫరవాలేదు, మీరు పాత చదువరులే కదా.

మా ఊరు మైలవరానికి నాలుగు మైళ్ళు. చుట్టూ మామిడి తోటలు. మీరు నూజివీడు రసాలని కొనుక్కునే కాయల్లో మా వైపు తోటలవీ ఉంటాయి. కష్టం మాది, పేరు నూజివీడుది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, మేం ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాం. కాయ రుచిలో తేడా ఏమీ రాలేదు లెండి.

మా వార్డు మెంబరు ఈ వీధి కోడలు. వరసకి నాకూ కోడలే అవుతుంది. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకని చట్టం చెబుతోంది కాబట్టి 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకి వచ్చింది. మొదట్లో అందరూ పనుండి ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళాయన్ని పిలిచేవారు. "మెంబరుగారూ" అని ఆయన్నే అనేవారు కూడా. ఒకరోజు ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, "ఆయన మెంబరు కాదండీ, మెంబరు ఇంటాయన. పనేంటో నాతో చెప్పండి" అంది. ఆ రోజు నుంచే ఈ నెలవారీ మెసేజి మొదలైంది.

ఆ మెసేజిలో ఎప్పుడూ మూడే భాగాలు. ఒకటి, నిబంధనలు: ఇల్లు కట్టే ముందు పంచాయతీ అనుమతి తీసుకోవాలి, మెట్లు, ర్యాంపులు మన హద్దు లోపలే రావాలి, ఇంటి పన్ను ఫలానా తేదీలోగా కట్టాలి. రెండు, మరమ్మతులు: ఏ వీధి లైటు మార్చారు, ఏ బోరు మోటారు కాలిపోయింది, బాగుచేసి ఎప్పటికి తెస్తారు. మూడు, డబ్బులు: ఏ పద్దులో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది. చివర్న గ్రామసభ తేదీ.

ఇక నా సంగతి. మా ఇంటి ముందు సైడు కాలవలో నీళ్ళు కదలవు. ఏళ్ళ తరబడి ఇదే గోల. దోమలు, వాసన. నాలుగు చినుకులు పడితే కాలవేదో రోడ్డేదో తెలీదు. వీధిలో ఈ విషయం మీద అందరికంటే పెద్ద గొంతు నాదే. టీకొట్టు దగ్గర మాట్లాడాను, పెళ్ళిళ్ళలో మాట్లాడాను. గ్రూపులో కోపంగా రెండు మూడు మెసేజిలు కూడా పెట్టాను. ఒక్క చోట మాత్రం మాట్లాడలేదు. అది గ్రామసభ.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మీకు గుర్తుండే ఉంటుంది, పేపర్లలో బాగా వచ్చింది. ఉపాధి హామీ కింద ఏ ఊళ్ళో ఏ పనులు చెయ్యాలో ఆ సభల్లోనే తీర్మానించారు. అక్టోబరులో 'పల్లె పండుగ' పేరుతో మొదలైన సిమెంటు రోడ్ల పనులకి మూలం అదే. మా మెంబరు వారం ముందే గ్రూపులో పెట్టింది. ముందు రోజు మళ్ళీ గుర్తుచేసింది. నేను రెండిటికీ బొటనవేలు పెట్టాను. సభ రోజున తోటలో కొమ్మలు కత్తిరించే పని పెట్టుకున్నాను. అది మర్నాడు చేసినా చెట్టేమీ అలిగేది కాదు. మా వీధి నుంచి ఆ సభకి వెళ్ళింది మెంబరు, వాళ్ళాయన, అంతే. పక్క వీధి వాళ్ళు పదిహేను మంది వెళ్ళారు. వాళ్ళ రోడ్డు జాబితాలోకి ఎక్కింది. మా కాలవ ఎక్కలేదు. ఇందులో ఎవర్ని తప్పుపట్టాలి?

వారం తిరిగేసరికి ఆ వాన వచ్చింది. ఆగస్టు 31, సెప్టెంబరు 1. బుడమేరు పుట్టేది మా మైలవరం చుట్టుపక్కల కొండల్లోనే. అక్కణ్ణుంచి వెలగలేరు మీదుగా దిగి, విజయవాడని ఒరుసుకుంటూ వెళ్ళి కొల్లేట్లో కలుస్తుంది. ఆ రెండు రోజులూ మా కొండల మీద పడ్డ నీరంతా కిందకి పోయింది, కట్టలకి గండ్లు పడ్డాయి, విజయవాడలో సింగ్ నగర్ మునిగింది. మా చెల్లెలు అక్కడే కింది వాటాలో ఉంటుంది. పై వాటావాళ్ళ గదిలో మూడు రోజులు కూర్చుంది. ఫోను చార్జింగు అయిపోయే ముందు ఆఖరి మాటగా, "అన్నయ్యా, ఫ్రిజ్ తేలుతోందిరా" అంది. ఏడవాలో నవ్వాలో తెలియని గొంతు అది.

ఆ తర్వాత నెల రోజులూ బుడమేరు దారిలో ఇళ్ళు కట్టిన వాళ్ళని తిట్టని మనిషి లేడు. నేనూ తిట్టాను. నీళ్ళ దారికి అడ్డం కట్టుకుని మళ్ళీ నీళ్ళొచ్చాయని ఏడవడం ఏమిటని పెద్ద పెద్ద మాటలు మాట్లాడాను. విన్నవాళ్ళు తలలూపారు. నాకూ బాగానే అనిపించింది.

అక్టోబరు 2న మళ్ళీ గ్రామసభ. ఈసారి వెళ్ళాను. ముందు వరసలో కూర్చున్నాను కూడా. వచ్చే ఏడాది ప్రణాళిక గురించి చర్చ. నేను లేచి మా కాలవ సంగతి పది నిమిషాలు చెప్పాను. మా కోడలు ఓపిగ్గా విని, "ఇదే మాట ఆగస్టులో చెప్పి ఉంటే బాగుండేది మావయ్యగారూ" అని, డబ్బుల లెక్క విప్పింది. నాకు బుర్రకెక్కినంత వరకు మీకూ చెబుతాను, మీ ఊళ్ళోనూ పనికొస్తుంది.

పంచాయతీకి వచ్చే డబ్బు అంతా ఒకే డబ్బా లోది కాదు. ఇంటి పన్ను, నీటి పన్ను మనం కట్టేవి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, అది గ్రంథాలయ సంస్థకి పోతుంది. ఆపైన కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం లెక్కలో (2021-26) నూటికి 60 రూపాయలు ముడిపెట్టిన నిధులుగా ఉండేవి: సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. వాటితో రోడ్డెయ్యడానికి వీలుండేది కాదు. మిగతా 40 ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది, కానీ జీతాలకి వాడకూడదనేవారు. ఇవి కాక అప్పట్లో ఉపాధి హామీ డబ్బు. అందులో కూలీకి 60, సామగ్రికి 40 అని నిష్పత్తి ఉండేది. ఊళ్ళో కూలి పని ఎంత జరిగితే సిమెంటు పనికి అంత వెసులుబాటు దొరికేది.

"మన ఇంట్లో పిల్లాడి ఫీజు డబ్బులు తీసి గోడకి రంగు వేయించం కదండీ, ఇదీ అంతే" అంది మా కోడలు. వెనకాల కూర్చున్న ఆడవాళ్ళందరికీ అర్థమైంది. మగవాళ్ళకి ఇంకోసారి చెప్పాల్సొచ్చింది.

సభ మా కాలవకి ఒప్పుకుంది. పారిశుద్ధ్యం పద్దులో పెట్టి తీర్మానం రాశారు. దాని కింద నేను సంతకం కూడా చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడతో, "చూశావా, గట్టిగా అడిగితే ఎందుకు కాదు?" అన్నాను.

అసలు కథ మర్నెల్లో మొదలైంది. సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంట్ కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు. వీధి మొదలు నుంచి సున్నంతో గీత వేసుకుంటూ వస్తున్నాడు. నేను గేటు దగ్గర నిలబడి, కాఫీ తాగుతావా బాబూ అని అడుగుతున్నాను. ఆ గీత తిన్నగా వచ్చి మా అరుగు మీదకి ఎక్కింది. అరుగు మీంచి మా మెట్ల మీదకి పోయింది. మెట్లు దిగి పక్కింటి ర్యాంపు మీదకి వెళ్ళింది.

"మూడడుగులు బయటికుంది సార్" అన్నాడు కుర్రాడు.

అది మా నాన్న కట్టించిన అరుగు. నాపరాళ్ళు పరిపించాడు. సీజన్లో కాయ దింపితే గ్రేడు చేసేది దాని మీదే. సాయంత్రం పూట ఆయన తుండు పరుచుకుని కూర్చుంటే వీధంతా పలకరించి వెళ్ళేది. పోయిన రోజున పడుకోబెట్టింది కూడా అక్కడే. ఆయన కట్టేనాటికి అక్కడ కాలవ మట్టిది, అరుగు కింద తూము వదిలాడు. తర్వాత నేను మెట్లు వేయించినప్పుడు మేస్త్రి ఆ తూము మూసేశాడు. నాకు తెలుసు. కారు ఎక్కించుకోవడానికి సౌకర్యంగా ఉంటుందని ఊరుకున్నాను.

సాయంత్రం మెంబరు వచ్చింది. చేతిలో జాబితా. మా వీధిలో తొమ్మిది ఇళ్ళు కాలవ మీదకి వచ్చాయి. మొదటి పేరు వాళ్ళదే, మూడోది నాది.

"అమ్మా, ఇది మా నాన్న కట్టింది" అన్నాను.

"తాతగారు మంచి మనిషని అందరికీ తెలుసండీ. నీళ్ళకే తెలీదు" అంది.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ నుంచి ఉన్నదానికి ఇప్పుడు నిబంధనలేమిటన్నాను. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉందండీ అంది. ఊరి వీధులూ, వాటి పక్క కాలవలూ, తూములూ పంచాయతీ ఆధీనంలోవే, ఎవరి ఇంటి ముందున్నా సరే. నేను ఇంకేదో అనబోయాను. ఆ అమ్మాయి అడ్డం రాకుండా విని, "ఒక్కసారి నాతో వీధి చివరికి రండి మావయ్యగారూ" అంది.

వీధి చివర పల్లంలో మా పెద్దమ్మ ఇల్లు. సొంత పెద్దమ్మ కాదు, వరసకి. ఎనభై దాటాయి. ఒక్కతే ఉంటుంది. పాత పెంకుటిల్లు, పక్కన కొత్త ఇంటి పునాది బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయి ఉంది. నేను ఆ వైపు వెళ్ళి ఏడాది అయి ఉంటుంది. వంటింటి గోడ మీద మోకాలెత్తున మరక. పొయ్యి ఇటికల మీద పెట్టి ఉంది. బియ్యం డబ్బా మంచం మీద.

"వానొస్తే ఇంతేరా అబ్బాయ్. పైనుంచి వచ్చే నీళ్ళు ఎక్కడో ఆగి ఆగి, ఒక్కసారిగా ఇటు తోసుకొస్తాయి" అంది పెద్దమ్మ. ఎక్కడ ఆగుతాయో ఆవిడకి తెలీదు. ఇంజనీరింగ్ కుర్రాడి గీత చూశాక నాకు తెలుసు. మా మెట్ల దగ్గర, ఆ పైన ఎనిమిది ఇళ్ళ దగ్గర. కాలవలో పోవాల్సిన నీళ్ళు రోడ్డెక్కి, తిన్నగా పల్లానికి దిగుతున్నాయి. బుడమేరు వాళ్ళని నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. మా వీధిలో నిజం నాకూ తెలుసు, కానీ పల్లంలో ఉన్నది నేను కాదు కదా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, పట్టింది. పొద్దున్నే లేచి మా ఆవిడకి చెప్పాను. "నాపరాళ్ళు జాగ్రత్తగా తియ్యమనండి, పెరట్లో వేసుకుందాం" అంది. అంతే. నేను ఒక రోజంతా పడ్డ బాధ ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ముందుగా మెంబరు ఇంటి ర్యాంపు కొట్టించారు. వాళ్ళాయన గునపం పట్టుకుని తనే మొదటి దెబ్బ వేశాడు. తర్వాత మాది. తొమ్మిదింటిలో ఏడు మాటతోనే అయ్యాయి. రెండిటికి నోటీసు ఇవ్వాల్సొచ్చింది, ఒకాయన ఇప్పటికీ నాతో మాట్లాడ్డు. గ్రామసభలో లేచి అడిగింది నేనే కదా, అందుకని.

కాలవ పని 2025 మే నెలలో జరిగింది. మంచి కాయ సీజన్. అరుగు లేక పెద్దరసాలు గ్రేడు చెయ్యడానికి పెరట్లో టార్పాలిన్ పరుచుకున్నాం. ఇంటిలోకి వెళ్ళడానికి కాలవ మీద తీసి పెట్టుకునే సిమెంటు పలకలు రెండు వేయించాను. పూడిక తియ్యాలంటే వాటిని లేపితే చాలు. మెట్లు లోపలికి జరిపాం. కారు వీధిలోనే ఉంటోంది. మొదట్లో మనసు ఒప్పలేదు, ఇప్పుడు అలవాటైంది.

ఇంకో సంగతి. ఆ ఏడాది మార్చిలో, మధ్యలో ఆగిపోయిన పేదల ఇళ్ళకి అదనంగా డబ్బిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు. మా మెంబరు ఆ నెల మెసేజిలో అది పెట్టింది. పెద్దమ్మకి స్మార్ట్ ఫోను లేదు. ఆగిపోయిన పునాది ఆవిడదే. ఈసారి నేను బొటనవేలు పెట్టి ఊరుకోలేదు. మెసేజి చదివాను, నడిచి వెళ్ళి చెప్పాను. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జెరాక్సులకి మైలవరం కూడా నేనే తీసుకెళ్ళాను. ఇంటి డబ్బు మెట్టు మెట్టుకీ వస్తుంది: బేస్‌మెంట్ అయితే కొంత, పైకప్పు మట్టానికి గోడలు లేస్తే కొంత, శ్లాబు వేస్తే కొంత. ముందు కట్టాలి, ఫొటో తియ్యాలి, అప్పుడు బిల్లు. ఎనభై ఏళ్ళ మనిషి ముందుగా డబ్బెక్కణ్ణుంచి తెస్తుంది? సిమెంటు అప్పు ఇప్పించడానికి నలుగురం మాట కలిపాం. గోడలు లేచాయి. శ్లాబు ఇంకా పడలేదు. పడ్డాక రాస్తాను.

జూలైలో మొదటి పెద్ద వాన రాత్రి పూట పడింది. గొడుగు వేసుకుని వీధి చివరికి వెళ్ళాను. కాలవ నిండుగా పారుతోంది, రోడ్డు మీద నీళ్ళు లేవు. పెద్దమ్మ వంటింట్లో లైటు వేసి ఉంది. పొయ్యి నేల మీదే ఉంది. "ఈ వానలో ఎందుకొచ్చావురా?" అని కేకలేసింది. ఊరికే అన్నాను.

పూర్తిగా బాగైపోయిందని చెప్పను. వీధి మలుపు దాటాక కాలవ ఇంకా మట్టిదే. అది వచ్చే ఏడాది ప్రణాళికలోకి రావాలి. వస్తుందో రాదో మా వీధి నుంచి సభకి ఎంతమంది వెళ్తారన్న దాని మీద ఉంది.

ఇప్పుడు మీ సంగతి. మీ వార్డు మెంబరు ఇలాంటి మెసేజి పెడుతుంటే అదృష్టవంతులు, చదవండి. పెట్టకపోతే పెట్టమని అడగండి. గ్రామసభలో నాలుగే ప్రశ్నలు వెయ్యండి: ఈ ఏడాది ఏ పద్దులో ఎంత వచ్చింది? మా వీధికి ఏ పని రాసుకున్నారు? తీర్మానం నెంబరెంత? ఎప్పటికి పూర్తవుతుంది? జవాబు రాసుకోండి. ఫోనులో ఈ-గ్రామ్ స్వరాజ్ యాప్ తెరిస్తే మీ పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు కనిపిస్తాయి. పిల్లల్ని అడిగితే రెండు నిమిషాల్లో చూపిస్తారు. అక్కడా దొరక్కపోతే సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకి రుసుము లేదు, మండల కార్యాలయంలో అయితే 5 రూపాయలు. జవాబివ్వడానికి గడువు 30 రోజులు.

ఇవన్నీ చేసే ముందు మాత్రం ఒక్కసారి మీ గేటు బయటికి వచ్చి కిందకి చూడండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చతో మొదలుపెట్టి ఇంటికొచ్చాను, అందుకే ఇంత ఆలస్యమైంది.

నాన్న నాపరాళ్ళు ఇప్పుడు పెరట్లో వేపచెట్టు కింద ఉన్నాయి. వాటి మీద కూర్చునే ఇది రాస్తున్నాను. ఫోను ఇప్పుడే మోగింది. మెంబరు మెసేజి. గ్రామసభ తేదీ వచ్చింది. బొటనవేలు పెట్టలేదు. "వస్తున్నాను, ఇంకో ముగ్గుర్ని తీసుకొస్తున్నాను" అని రాశాను.